పాత ఫొటోల బీరువాలు లేకపోతే వీ-1 దొరికేదే కాదు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో 30,000 అడుగుల పైనుంచి తీసిన ఫొటోల్లో బ్రిటిష్ వైమానిక దళం వీ-1 (పైలట్ లేకుండా ఎగిరే బాంబు) లాంటి జర్మన్ల రహస్య ఆయుధాలను ఎలా పట్టుకుంది? అంత ఎత్తు నుంచి అసలేం కనిపిస్తుంది?

ఒక్క ఫొటో ముందేసుకుని కూర్చుంటే నిజంగానే ఏమీ కనిపించదు. లెక్క చూడండి. ఎఫ్-52 కెమెరాకు 36 అంగుళాల ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు (లెన్సుకూ ఫిల్ముకూ మధ్య దూరం 3 అడుగులు) బిగించి 30,000 అడుగుల నుంచి తీస్తే స్కేలు 1:10,000. రెక్కల చివర నుంచి చివరకు 20 అడుగులున్న విమానం ఆ ప్రింటు మీద 0.6 మిల్లీమీటరు ఉంటుంది. ఆవగింజలో సగం. అంతకుముందు వాడిన ఎఫ్-24కి 20 అంగుళాల లెన్సు పెడితే స్కేలు 1:18,000కి పడిపోతుంది, అదే విమానం 0.34 మిల్లీమీటరే. "జూమ్ చేస్తే సరి" అనేవాళ్లు ప్రతి చర్చలోనూ ఉంటారు. ఫిల్ములో పడని వివరం పెద్దది చేస్తే ఎక్కణ్నుంచి వస్తుంది? ఫిల్ము గింజలు (గ్రెయిన్) పెద్దవవుతాయి, అంతే.

ఈ కథను ఎప్పుడూ పైలట్ల వైపు నుంచే చెబుతారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిడ్నీ కాటన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నుంచి తుపాకులు పీకించి కెమెరాలు పెట్టించడం, 1939 నవంబర్ 18న మారిస్ లాంగ్‌బాటమ్ అలాంటి విమానంలో మొదటిసారి నిఘాకు వెళ్లడం, ఇవే తిప్పితిప్పి రాస్తారు. తప్పని కాదు. కానీ అసలు పని జరిగింది థేమ్స్ ఒడ్డున మెడ్మెన్‌హామ్ అనే ఊళ్లో, డేన్స్‌ఫీల్డ్ హౌస్ అనే బంగళాలో. 1941 ఏప్రిల్ నుంచి సెంట్రల్ ఇంటర్‌ప్రెటేషన్ యూనిట్ అక్కడే ఉంది. అక్కడ కూర్చుని ఫొటోలు చదివినవాళ్లలో భూగోళ శాస్త్రం, పురావస్తు శాస్త్రం చదివినవాళ్లు, మహిళా సహాయక దళం నుంచి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. పురావస్తు శాస్త్రవేత్తలు గ్లిన్ డేనియల్, స్టువర్ట్ పిగ్గాట్ ఆ తర్వాత ఇదే పని మీద మన ఢిల్లీకీ వచ్చారు. మట్టి మీద నీడ చూసి కింద గోడ ఉందని చెప్పగలిగినవాడికి, గడ్డి రంగు మారడం చూసి కింద కేబుల్ ఉందని చెప్పడం కష్టమేమీ కాదు.

పైలట్ చేయాల్సిందల్లా తిన్నగా, ఒకే వేగంతో, ఒకే ఎత్తులో వెళ్లడం. చెప్పడానికి తేలిక. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ 60 శాతం నేల ఉమ్మడిగా పడాలి. ఎఫ్-52 నెగెటివ్ 8.5 అంగుళాలు x 7 అంగుళాలు. 7 అంగుళాల వైపు ఎగిరే దిశలో ఉందనుకుంటే 1:10,000 దగ్గర అది సుమారు 5,800 అడుగుల నేల. అందులో 40 శాతం, అంటే దాదాపు 2,300 అడుగులు జరిగేసరికి తర్వాతి బొమ్మ పడాలి. గంటకు 350 మైళ్ల వేగంలో అది నాలుగున్నర సెకన్లు. వెనక గాలి తోసిందా, అదే నాలుగున్నర సెకన్లలో విమానం ఎక్కువ దూరం పోతుంది, ఉమ్మడి భాగం తరిగిపోతుంది, ఫొటోలు జత కట్టవు. రెక్క ఒక్క డిగ్రీ వాలినా కెమెరా గురి నేల మీద 500 అడుగులకు పైగా పక్కకు పోతుంది. పైగా అక్కడి చలికి లెన్సు మీద మంచు పట్టేస్తుంది. ఇంజిన్ వైపు నుంచి వేడిగాలిని గొట్టంలో తెచ్చి కెమెరాకు తగిలించేదాకా తెల్లటి ఫిల్మే చేతికొచ్చేది.

ఆ 60 శాతం ఎందుకంటే, పక్కపక్క ప్రింట్లు రెండింటిని స్టీరియోస్కోప్ కింద పెడితే నేల లేచి నిలబడుతుంది. పరికరం చూస్తే నవ్వొస్తుంది. రెండు కటకాలు, నాలుగు తీగ కాళ్లు. రెండు ప్రింట్లలోనూ ఒకే చెట్టుని వెతికి, ఆ రెండు చుక్కల మధ్య దూరం మన కళ్ల మధ్య దూరమంత, అంటే సుమారు ఆరున్నర సెంటీమీటర్లు, ఉండేలా జరపాలి. తర్వాత ఒక ప్రింటుని సన్నగా తిప్పుతూ పోతే ఉన్నట్టుండి కప్పులు పైకి లేస్తాయి. కొత్తవాళ్ల తప్పులు ఇక్కడ రెండు. కుడి ప్రింటు ఎడమకూ ఎడమది కుడికీ పెడితే గుంతలు గుట్టలవుతాయి, గుట్టలు గుంతలవుతాయి. ప్రింట్లు సరిగ్గానే పెట్టినా నీడలు మన వైపు పడేలా తిప్పుకోకపోతే కన్ను అదే మోసం చేస్తుంది. ఇప్పటికీ ఫోన్లో ఉపగ్రహ చిత్రం చూసి "ఇదిగో పెద్ద గొయ్యి" అని కొండను చూపించేవాళ్లు ఈ రెండో తప్పే చేస్తున్నారు.

కొలతలన్నీ ప్రింటు అంచున రాసే అంకెల మీదే ఆధారం: సార్టీ (ఒక్కో విమాన యాత్ర) నంబరు, తేదీ, సమయం, లెన్సు ఫోకల్ లెంగ్త్, ఎత్తు. ఎత్తు 30,000కు బదులు 31,000 అని రాస్తే ప్రతి కొలతా 3 శాతం తప్పుతుంది. అందుకే మ్యాపులో దూరం తెలిసిన రెండు కూడళ్లను ఫొటోలో కొలిచి స్కేలు సరిచూసుకోవాలి. మ్యాపు లేకపోతే రైలు పట్టాలున్నాయి, వాటి వెడల్పు 1,435 మిల్లీమీటర్లని తెలుసు కదా. ఎత్తు కావాలంటే నీడ కొలుస్తారు. తేదీ, సమయం, అక్షాంశం తెలిస్తే సూర్యుడు ఎన్ని డిగ్రీల మీద ఉన్నాడో పట్టికలో దొరుకుతుంది. 45 డిగ్రీలైతే నీడ ఎంతో ఎత్తూ అంతే. 30 డిగ్రీలైతే నీడలో 58 శాతం. నేల పల్లానికి వాలి ఉంటే నీడ సాగిపోయి కట్టడం ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. దీన్ని మరిచి తీసిన లెక్కలు బుట్టదాఖలు చేయాల్సిందే.

పని మూడు అంచెల్లో సాగేది. విమానం దిగిన కొద్ది గంటల్లోనే అక్కడికక్కడ మొదటి నివేదిక: ఓడ కదిలిందా, రైళ్లు వచ్చాయా. 24 గంటల్లోపు రెండోది. మూడో అంచె మెడ్మెన్‌హామ్‌లోని ప్రత్యేక విభాగాలది. జి విభాగం రేడియో, రాడార్ చూసేది. కె బాంబు దెబ్బలు, ఎల్ విమానాలు. వీటన్నిటి వెనక ప్రింట్ల గ్రంథాలయం. ప్రతి ఫొటో ఏ నేలను కప్పిందో మ్యాపు మీద గీసిపెట్టి, అడిగిన చోటుకు అడిగిన తేదీ ప్రింటు తీసివ్వడం వాళ్ల పని. పతకాలు రాని పని. నన్నడిగితే నిఘా అంటే తొంభై పాళ్లు ఇదే.

జర్మన్లు రాకెట్లు పరీక్షించిన పీనెమ్యూండె సంగతే చూడండి. 1942 మే 15న స్టీవెన్‌టన్ అనే పైలట్ బాల్టిక్ తీరం మీదుగా పోతూ అక్కడ కొత్త విమానాశ్రయం, నిర్మాణాలు కనబడి కెమెరా ఆన్ చేశాడు. ఫొటోల్లో పెద్ద పెద్ద గుండ్రటి మట్టికట్టలు పడ్డాయి. ఎవరికీ అర్థం కాలేదు. బీరువాలోకి పోయాయి. మరుసటి ఏడాది రాకెట్ల గురించి కబురు అందాక అవే మళ్లీ బల్లమీదకొచ్చాయి. అప్పుడు కూడా పొరపాటు జరిగింది. రాకెట్‌ని విసరడానికి పెద్ద యంత్రం కావాలని బ్రిటిష్ నిపుణుల నమ్మకం, వెతకమన్నదీ దాన్నే. దాంతో నిటారుగా నిలబెట్టిన రాకెట్టు నివేదికలో సుమారు 40 అడుగుల "స్తంభం" అయి కూర్చుంది. 1943 జూన్‌లో తీసిన ప్రింటులో పడుకోబెట్టి ఉన్న రాకెట్‌ని బ్రిటిష్ గూఢచార విభాగంలోని శాస్త్రవేత్త ఆర్.వి. జోన్స్ గుర్తుపట్టాడు. ఆగస్టు 17 రాత్రి 596 బాంబర్లు పీనెమ్యూండె మీదికి వెళ్లాయి, 40 తిరిగి రాలేదు.

వీ-1 దొరికిన తీరు ఇంకా బాగుంటుంది. 1943 నవంబర్‌కి ఉత్తర ఫ్రాన్స్‌లో వింత కట్టడాలు డజన్ల కొద్దీ బయటపడ్డాయి. పక్కకు పడుకోబెట్టిన స్కీ (మంచు మీద జారే పలక) ఆకారంలో, ఒక కొస వంగిన పొడవాటి భవనాలు, లండన్ వైపు తిరిగిన ర్యాంపులు. వాటి మీంచి ఏం ఎగరబోతోందో మాత్రం తెలియదు. ఎల్ విభాగం పెద్ద కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్‌కి, పైలట్ లేని చిన్న విమానం కోసం వెతకమని చెప్పారు. ఆమె పీనెమ్యూండె పాత ప్రింట్లు తీసి, విమానాశ్రయం అంచు నుంచి నీటి దాకా అంగుళం అంగుళం పోతే నాలుగు కట్టడాలు తగిలాయి. పరిశ్రమల విభాగాన్ని అడిగితే అవి బురద తోడే యంత్రాలకు సంబంధించినవని ఎప్పుడో తేల్చేశామన్నారు. మూడు సరే, నాలుగోది వేరుగా ఉంది. మట్టి కట్ట, దాని మీద నీటి వైపు ఏటవాలుగా లేచిన పట్టాలు. మెడ్మెన్‌హామ్ పెద్దల్లో ఒకడైన డగ్లస్ కెండల్‌కి చూపిస్తే ర్యాంపే అన్నాడు. ఇంతలో నవంబర్ 28న జాన్ మెరిఫీల్డ్ అనే పైలట్ మస్కిటో విమానంలో తీసుకొచ్చిన ప్రింట్లు అందాయి. అతను బయల్దేరింది బెర్లిన్ కోసం, మబ్బు పట్టి ఉంటే బాల్టిక్ తీరానికి మళ్లాడు. ఆ ప్రింటులో, ర్యాంపు కింది కొసన, పట్టాల మీద సరిగ్గా నడుమ, ఒక మిల్లీమీటరు కూడా లేని శిలువ గుర్తు. అదే వీ-1. అదే తీరంలో జెంపిన్ దగ్గర ఫ్రాన్స్‌లోవాటిని పోలిన కట్టడాలు కూడా అదే సార్టీలో పడ్డాయి.

కాబట్టి "ఒక అమ్మాయి భూతద్దంతో లండన్‌ని కాపాడింది" అనే ఫార్వర్డ్ మెసేజీలను నమ్మకండి. ఆమె కన్ను గొప్పదే. కానీ పాత ప్రింటు లేకపోతే పోల్చడానికేముంది? ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: ఏం వెతకాలో ముందే చెప్పడం రాకెట్ విషయంలో కొంప ముంచింది, ఇక్కడేమో పని చేసింది.

ఫ్రాన్స్‌లోని ఆ కట్టడాల మీద బాంబులు మొదలయ్యాక జర్మన్లు స్కీ భవనాలు మానేశారు. విడిభాగాలుగా తెచ్చి చివర్లో బిగించే ర్యాంపులకు మారారు. పొలాల మధ్య ఇళ్ల పక్కనే పునాదులు, పైనుంచి పశువుల కొట్టంలా కనిపించేవి. వాటిని పోల్చడానికి బీరువాలో పాత నమూనా లేదు. 1944 జూన్ 13న లండన్ మీద పడిన మొదటి వీ-1 వచ్చింది అలాంటి స్థావరం నుంచే.