మంచం పట్టిన అమ్మకు బాప్తిస్మం కాకుంటే రక్షణ లేనట్టేనా?

అడిగినవారిది దేవరకొండ వైపు పల్లె. తల్లికి పక్షవాతం. యేసును నమ్ముకొని మంచం మీదనే ప్రార్థన చేసుకుంటోంది. నీళ్లలో ముంచలేదు గనక ఆమెకు రక్షణ లేదని చుట్టాల్లో ఒకాయన తేల్చేశాడట.

తప్పు. ఆయన చేతికి బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఇచ్చి వరుస తప్పకుండా చదవమనండి. ఫిలిప్పీ పట్టణంలో యేసును ప్రకటించే పౌలును, సీలను బెత్తాలతో కొట్టి, లోపలి చెరలో వేసి కాళ్లకు బొండ (కొయ్య సంకెల) బిగించారు. అర్ధరాత్రి వాళ్లు పాటలు పాడుతుంటే భూకంపం వచ్చింది, తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి చావబోయాడు. ఖైదీ తప్పించుకుంటే కావలివాడి తల పోయే కాలమది. 12వ అధ్యాయంలో పేతురు చెరలోంచి బయటపడ్డందుకు హేరోదు రాజు కావలివాళ్లను చంపించాడు కదా. "మేమందరం ఇక్కడే ఉన్నాం" అని పౌలు కేకేశాడు. దీపం తెప్పించుకొని వణుక్కుంటూ వచ్చి, రక్షణ పొందాలంటే ఏం చెయ్యాలని అడిగాడు ఆ నాయకుడు. ప్రభువైన యేసును నమ్ము, నువ్వూ నీ ఇంటివాళ్లూ రక్షణ పొందుతారన్నారు. ఆ జవాబులో నీళ్ల ఊసే లేదు. తర్వాత ఇంటిల్లిపాదికీ వాక్యం చెప్పారు. ఆ రాత్రే అతను వాళ్ల గాయాలు కడిగాడు. అప్పుడు బాప్తిస్మం, ఆపైన భోజనం.

గాయాలు కడిగింది బాప్తిస్మానికి ముందు. ఆ కాళ్లకు బొండ బిగించింది కూడా అతనే. మారుమనస్సు చేతుల్లో కనబడడమంటే అదే, మన సంఘాల్లో ఎగిరిపోయింది కూడా సరిగ్గా ఆ మెట్టే. మూడు రోజుల సభల్లో చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టుకోవడం, ఫ్లెక్సీ కట్టడం, అయిపోయింది. ఇంకొందరైతే "ఏ తారీఖున రక్షించబడ్డావు బ్రదర్?" అంటారు. తారీఖు చెప్పేవాడు ఎగ్గొట్టిన అప్పు కట్టాడా అని మాత్రం అడగరు. పెళ్లి బాప్తిస్మాల సంగతి సరేసరి. పిల్లవైపువాళ్లు అడిగారని శనివారం ముంచి ఆదివారం తాళి కట్టించేస్తున్నారు.

మీ చుట్టం మార్కు 16:16 తీస్తాడు, సిద్ధంగా ఉండండి. నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షించబడతాడని ఉందంటాడు. రెండో సగం కూడా చదివించండి. శిక్ష నమ్మనివాడికని ఉంది, మునగనివాడికని లేదు. యేసు పక్కన సిలువ మీద చనిపోతూ నమ్మి, పరదైసులో ఉంటావని ఆయన మాట పొందిన దొంగకు చెరువు ఎక్కడ దొరికింది?

అట్లని కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లు ఏండ్లకేండ్లు వాయిదా వేస్తే మెచ్చుకోలేం. మన వైపు వాయిదా వెనక చాలాసార్లు కుల సర్టిఫికెట్ ఉంటుంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను బీసీ-సీలో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇస్తారు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా పోతుంది. ఆ భయం ఉత్తదేం కాదు. దానికి వాక్యం అతికించి సమర్థించుకోవద్దు, అంతే.

ఇప్పుడు అసలు ప్రమాదం చెబుతాను. ఆ చుట్టం మాట పట్టుకొని అమ్మను కుర్చీలో చెరువుకు మోసుకుపోకండి. పాలమూరు, నల్లగొండ వైపు మెన్నోనైట్ బ్రదరన్, బాప్టిస్టు సంఘాల్లో ముంచడమే పద్ధతి. బాగున్నవాళ్లకైతే నడుం లోతు నీళ్లు చాలు. అయ్యగారు (పాస్టరు) పక్కన నిలబడి ఒక చేయి మెడ కింద, ఇంకో చేయి ఛాతీ మీద ముడిచిన చేతుల మీద పెడతారు. మోకాళ్లు వంచమని ముందే చెప్పాలి, బిగుసుకుంటే కాళ్లు జారి ఇద్దరూ పడతారు. పారే నీళ్లయితే తల నీళ్లు వచ్చే దిక్కుకు ఉండాలి, లేకుంటే ముక్కులోకి కొడతాయి. కాలువలు మాత్రం వద్దు, అడుగున పాచి జారుతుంది, ప్రవాహం లాగేస్తుంది. ఇంత చేసినా పక్షవాతం మనిషికి ఇది కుదరదు. వాళ్లలో చాలామందికి మింగడం దెబ్బతింటుంది. సరిగా దగ్గలేరు గనక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది.

ఆమెకు కోరిక ఉంటే సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యగారిని అడగండి, నెత్తిన నీళ్లు పోసి ఇస్తారు. కథోలికుల్లోనైతే ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వొచ్చు. మీది ముంచే సంఘమే అయితే పెద్దలను మంచం దగ్గరికి పిలిచి మాట్లాడించండి, సడలింపు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రోమా 10:9లో "నోటితో ఒప్పుకొని" అని ఉంది కదా, మాట పడిపోయినవాళ్ల సంగతేమిటని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అవును, కాదు అని జవాబిచ్చేలా చిన్న ప్రశ్నలు వెయ్యమనండి, ఆమె తలూపినా, బాగున్న చేత్తో వేలు నొక్కినా సరిపోతుంది. ఒకేసారి పది అడిగితే అలసిపోయి అన్నిటికీ తలూపుతుంది, దాన్ని ఒప్పుకోలు అనలేం.

ప్రభు బల్ల (ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చేముందు మింగుడు ఎట్లుందో డాక్టరును కనుక్కోండి. ఆయన సరేనంటే నిటారుగా కూర్చోబెట్టి, గోరంత రొట్టె ముక్కను ద్రాక్షరసంలో నానబెట్టి ఇవ్వండి. గిన్నెతో రసం తాగించొద్దు, పలుచటివే ముందు అడ్డం పడతాయి. అది మింగేదాకా పాట ఎత్తుకోవద్దని వచ్చినవాళ్లకు చెప్పండి, ఆమె కూడా గొంతు కలపబోతుంది.