తిరుచానూరు లాయరు అనంతశయనం అయ్యంగార్ లోక్‌సభకు తొలి స్పీకరేనా?

కాదు, రెండో స్పీకర్. తొలి స్పీకర్ మావలంకర్ 1956 ఫిబ్రవరిలో పోయాక, డిప్యూటీగా ఉన్న మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మార్చిలో ఆ కుర్చీలో కూర్చున్నారు. లోక్‌సభకు తొలి డిప్యూటీ స్పీకర్ మాత్రం ఆయనే; తికమకంతా అక్కడే.

పుట్టింది 1891లో, తిరుచానూరులో. కొన్నాళ్లు లెక్కల మాస్టారు. మద్రాసులో లా చదివి చిత్తూరులో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణప్పుడు ఏడాదిపాటు కోర్టుకే వెళ్లలేదు. ప్లీడరుకు అదంటే ఇంట్లో పొయ్యి ఆరిపోవడమే మరి! 1934లో కేంద్ర శాసనసభకు గెలిచారు, క్విట్ ఇండియాలో జైలుకెళ్లారు.

పాత ఎన్నికల వివరాలు వెతికేవాళ్లు ఒకటి గమనించాలి: 1952లో ఆయన నియోజకవర్గం తిరుపతి, 1957లో చిత్తూరు. ఒక్కచోటే చూస్తే సగమే దొరుకుతుంది. 1962లో బీహార్ గవర్నరయ్యారు.