బాస్ చేపల వేట మొదలుపెట్టే అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులతో రాయునది.

డాలస్‌లో కుదురుకున్నావనీ, సెలవు రోజుల్లో బాస్ చేపల వేట నేర్చుకోవాలని ఉబలాటపడుతున్నావనీ తెలిసి సంతోషించాను. ఏ రాడ్ (గాలపు కర్ర) కొనాలి, ఏ ఎరలు కొనాలి అని వరుసగా అడిగావు గాని, చేప ఏ నెలలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న నీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ముందు అడగవలసినది అదే. కొనవలసిన సామాను చాలా కొద్ది. దానిని నీటిలో ఎక్కడ వేయాలో తెలుసుకోవడానికే ఏళ్లు పడతాయి, ఆ తెలివిడి ఏ దుకాణంలోనూ అమ్మరు.

మీ చుట్టుపక్కల జలాశయాల్లో నీకు ఎక్కువగా తగిలేది లార్జ్‌మౌత్ బాస్, అంటే పెద్ద నోరున్న మంచినీటి చేప. దూరం నుంచి తరిమి పట్టడం కన్నా పొంచి ఉండి మీదపడటం దీని నైజం. మునిగిపోయిన మొద్దు, నాచు అంచు, పడవల రేవు కింది నీడ, ఇలా ఏదో ఒక ఆసరాను చేరి నిలబడి, దగ్గరగా వచ్చిన షాడ్ అనే చిన్న చేపనో, రొయ్యలాంటి క్రాఫిష్‌నో నీటితో సహా ఒక్క గుటకలో లోపలికి పీల్చుకుంటుంది. మన ఊరి చెరువులో కొర్రమీను కప్పను అందుకునే తీరు చిన్నప్పుడు చూశావు గనుక ఈ గుణం నీకు కొత్త కాదు. అయితే కొర్రమీను పైకి తేలి గాలి పీల్చుకోగలదు. బాస్‌కు ఆ వెసులుబాటు లేదు, నీటిలో కరిగిన ప్రాణవాయువే దానికి ఆధారం. పైగా దాని ఒంటి వేడి నీటి వేడిని బట్టే మారుతుంది కాబట్టి, ఆకలి, చురుకుదనం, నివాసం అన్నీ నీటి వేడితోనే ముడిపడి ఉంటాయి. అందువల్ల నువ్వు కొనే మొదటి వస్తువు నీటిలో ముంచి చూసే థర్మామీటరు కావాలి.

ఇక సామాను సంగతి. ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 లేదా 3000 సైజు రీల్ (దారం చుట్టే చక్రం), దానిపై 15 పౌన్ల బరువు తట్టుకునే బ్రెయిడెడ్ లైన్ (అల్లిన దారం), చివర నిలువెత్తు పొడవున 10 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎర వైపు కట్టే, నీటిలో అంతగా కనిపించని దారం), ఇంతటితో మొదటి ఏడాది హాయిగా గడిచిపోతుంది. చెయ్యి కుదిరాక ఏడడుగుల మీడియం హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్ ఒకటి తీసుకుని దానికి 15 పౌన్ల ఫ్లోరోకార్బన్ ఎక్కించుకో. బెయిట్‌కాస్టర్‌లో ఎర నీటిని తాకే క్షణాన స్పూల్‌ను, అంటే దారం చుట్టిన కండెను, బొటనవేలితో ఆపకపోతే లైన్ అంతా చిక్కుపడి పొద్దంతా విప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది. ఆ అలవాటు ఇంటి వెనుక పచ్చికలోనే చేసుకోవచ్చు.

ఎరల్లో అయిదంగుళాల మెత్తటి స్టిక్ ఎర, ఏడంగుళాల ప్లాస్టిక్ వానపాము, 3/8 ఔన్సు తెల్ల స్పిన్నర్‌బెయిట్ (గిరగిర తిరిగే రేకున్న ఎర), అర ఔన్సు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ (చేప ఆకారపు గట్టి ఎర), నీటిపైన చప్పుడు చేసే పాపర్ ఒకటి ఉంటే చాలు. రంగుల గురించి దుకాణంవాళ్లు ఎంత చెప్పినా, తేటనీటికి ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగు, బురదనీటికి నలుపు నీలం కలిసినది అన్న ఒక్క సూత్రం దగ్గరే నేను ఆగిపోయాను.

వీటిలో ముందుగా ప్లాస్టిక్ వానపాముకు టెక్సాస్ రిగ్, అంటే హుక్ మొన దాగేలా ఎరను గుచ్చే పద్ధతి, కట్టడం నేర్చుకో. పావు ఔన్సు బుల్లెట్ బరువును సన్నటి మొన రాడ్ వైపు ఉండేలా లైన్‌లోకి ఎక్కించి, 3/0 ఆఫ్‌సెట్ హుక్‌ను పాలోమార్ ముడితో కట్టాలి. ముడి బిగించేముందు ఉమ్మితో తడపడం మరవకు. పొడిగా బిగిస్తే రాపిడికి లైన్ వేడెక్కి, చూడటానికి బాగానే ఉన్నా పెద్ద చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. తర్వాత వానపాము తలలో హుక్ మొనను పావంగుళం గుచ్చి పక్కనుంచి బయటికి తీసి, హుక్ కన్ను తలలోకి వచ్చేదాకా లాగి, హుక్‌ను సగం తిప్పాలి. ఇప్పుడు వానపామును కిందికి వేలాడనిచ్చి హుక్ వంపు దాని ఒంటిపై ఎక్కడికి వస్తున్నదో చూసుకుని, అక్కడ గుచ్చి, మొనను ప్లాస్టిక్‌లోనే దాచిపెట్టాలి. వానపాము తీగ లాగినట్లు నిటారుగా ఉండాలి. ఏ కాస్త ముడత పడినా నీటిలో గిరగిర తిరిగి లైన్‌ను మెలిపెడుతుంది. మొన దాగి ఉంటుంది కనుక ఈ ఎరను మొద్దుల నడుమ, నాచు లోపల ఎక్కడ వేసినా చిక్కుకోదు. బాస్ ఉండేదీ అక్కడే.

విసిరిన వెంటనే చుట్టడం మొదలుపెట్టకు. ఎర అడుగుకు చేరేదాకా లైన్‌పైనే కళ్లు ఉంచు, ఎందుకంటే చాలా చేపలు ఎర దిగుతూ ఉండగానే అందుకుంటాయి. ఎనిమిదడుగుల లోతున్న చోట ఎర నాలుగడుగులకే ఆగినా, లైన్ పక్కకు జరుగుతున్నా, చేతికి టక్కుమని ఒక్క దెబ్బ తెలిసినా అది చేపే. వదులుగా ఉన్న లైన్‌ను గబగబ చుట్టుకుని రాడ్‌ను గట్టిగా పైకి లాగాలి. దెబ్బ తెలియకపోతే రాడ్ కొనను నెమ్మదిగా ఎత్తి, ఎరను అడుగున ఒకటి రెండడుగులు జరిపి, మళ్లీ దిగనివ్వాలి. తొందర ఎక్కువైనవాడికి ఈ పద్ధతి విసుగ్గా ఉంటుంది. ఆ విసుగే బాస్ పాలిట రక్ష.

కాలాల విషయానికి వస్తే, ఉత్తర టెక్సాస్‌లో ఫిబ్రవరి నెలాఖరుకు నీటి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినప్పటి నుంచి గుడ్లతో నిండిన ఆడ చేపలు లోతులు విడిచి వాగుల ముఖద్వారాల మీదుగా గట్లవైపు కదులుతాయి. ఏడాదిలో అతి పెద్ద చేప తగిలే కాలం అదే. ఎర్రటి లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్‌ను నాచు పైభాగానికి తగిలేలా లాగుతూ, చిక్కినప్పుడల్లా ఒక్క విసురుతో నాచు నుంచి విడిపించుకొస్తే ఆ విడిపోయిన క్షణానే చేప మీదపడుతుంది. ఎరుపు రంగు ఆ రోజుల్లో నాచులో తిరిగే క్రాఫిష్‌ను పోలి ఉండటం వల్ల ఇక్కడివారు చాలా ఏళ్లుగా దానినే నమ్ముకున్నారు.

నీరు 60 డిగ్రీలు దాటాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో, మగ చేప గట్టుకు దగ్గరగా గట్టి నేలను తోకతో ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోయాక కాపలా కాసేదీ మగదే. నీరు తేటగా ఉంటే అది గూటిపై నిలబడి ఉండటం గట్టుపై నుంచే కనిపిస్తుంది. దానిని పట్టడాన్ని చట్టం ఆపదు గాని, కాపలా చేపను పైకి తీసిన నిమిషంలోనే బ్లూగిల్ అనే చిన్న చేపలు గుడ్లమీద పడతాయి. నేను ఆ చేపల జోలికి పోను, నువ్వూ పోకపోతే సంతోషిస్తాను. వాటికి అవతల, నాలుగు నుంచి ఎనిమిదడుగుల లోతులో, స్టిక్ ఎరను నడుమకు హుక్ గుచ్చి బరువు లేకుండా వదిలితే రెండు కొసలూ అల్లాడుతూ దిగుతుంది. దానిని కాదనే బాస్ అరుదు.

వేసవి కష్టకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లోతైన జలాశయాల్లో నీరు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీరు, కింద చల్లటి నీరు, ఆ కింది పొరలో ప్రాణవాయువు క్రమంగా అడుగంటిపోతుంది. చల్లగా ఉంటుంది కదా అని నలభై అడుగుల లోతులో ఎర వేసేవారు చేప బతకలేని చోట వేస్తున్నారన్నమాట. పొరలు కలిసే లోతుకు పైనే, పదిహేను నుంచి ఇరవై అయిదు అడుగుల మధ్య, నీటిలోకి చొచ్చుకుపోయిన నేలకొనలు, మునిగిన దిబ్బలు, పాత వాగు అంచులు వెదకాలి. అక్కడికి పడవ ఉండాలి. పడవ లేనివాడు తెల్లవారుజామున వెలుగు పరచుకునే ఒక్క గంట గట్టు నుంచి పాపర్ వేసుకుని, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం ఉత్తమం. మధ్యాహ్నపు ఎండలో నీకు వడదెబ్బ తప్ప మరేమీ తగలదు.

అక్టోబరులో షాడ్ గుంపులు వాగుల లోపలికి మళ్లుతాయి, బాస్ వాటి వెంటే వెళుతుంది. కొంగలు చేరిన చోట తెల్ల స్పిన్నర్‌బెయిట్ వేస్తే సరి. చలికాలంలో చేప తక్కువ తింటుంది, తక్కువ కదులుతుంది, కాబట్టి నువ్వూ నెమ్మదించాలి. అయినా ఆశ వదులుకోకూడదు. లేక్ ఫోర్క్‌లో పడిన 18.18 పౌన్ల బాస్, టెక్సాస్ రాష్ట్ర రికార్డు, 1992 జనవరిలో దొరికినదే. ఉత్తరపు చలిగాలి వీచి ఆకాశం నీలంగా తేటపడిన మరునాడు మాత్రం చేపలు ఆసరాకు అతుక్కుపోయి నోరు కట్టేసుకుంటాయి. ఆ రోజు చిన్న ఎర వేసుకో, లేదా ఇంట్లో ఉండి రీళ్లకు నూనె పెట్టుకో.

లేక్ ఫోర్క్ పేరు వచ్చింది గనుక చెబుతున్నాను. 1980లో నీరు నింపడం మొదలైన ఆ జలాశయం డాలస్‌కు తూర్పున సుమారు గంటన్నర ప్రయాణం. కట్టేటప్పుడు చెట్లను చాలావరకు అలాగే వదిలేశారు. ఫ్లోరిడా జాతి బాస్ పిల్లలను తెచ్చి వదిలారు. అది అంత పేరుపొందడానికి ఈ రెండూ కారణమే. నీటిలో నిలిచిన మొద్దులు పడవలకు ప్రమాదం, గుర్తులు వేసిన దారి తప్పి వేగంగా పోకూడదు, లైఫ్ జాకెట్ విప్పకూడదు. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ను తప్పనిసరిగా తిరిగి వదలాలి. రోజుకు తీసుకోదగిన అయిదింటిలో 24 అంగుళాలు, అంతకు మించినది ఒక్కటే ఉండాలి. ప్రత్యేక నిబంధనలు లేని చోట 14 అంగుళాలకు తగ్గినదానిని ఉంచుకోకూడదు. ఇవి మారుతుంటాయి కనుక వెళ్లే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నిబంధనలు చూసుకో.

చేపను ముట్టుకునేముందు చేతులు తడుపుకో, పొడి చేతులకు దాని ఒంటిమీది జిగురు పొర ఊడివస్తుంది. కింది దవడను బొటనవేలితో పట్టుకోవచ్చు గాని, బరువైన చేపను ఫోటో కోసం దవడపైనే అడ్డంగా వేలాడదీస్తే దవడ కీలు దెబ్బతింటుంది, రెండో చేత్తో పొట్టకు ఆసరా ఇవ్వు. ఇక పులుసు సంగతి మీ పిన్ని తప్పక అడుగుతుంది. బాస్ తినదగినదే, అయినా తూర్పు టెక్సాస్‌లోని కొన్ని జలాశయాల పెద్ద చేపల్లో పాదరసం గురించి ఆరోగ్య శాఖ హెచ్చరికలున్నాయి. చింతపండు పులుసుకు క్యాట్‌ఫిష్, వేపుడుకు క్రాపీ దీనికన్నా ఎన్నో రెట్లు మేలు.

17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. ఆరు నెలలుగా టెక్సాస్‌లోనే నివసిస్తున్నవారికి రుసుము తక్కువ కాబట్టి, ఆ గడువు నిండేదాకా స్టేట్ పార్కుల గట్లమీద అభ్యాసం చెయ్యి, అక్కడ గట్టు నుంచి పట్టడానికి లైసెన్సు అక్కరలేదు. డెంటన్‌కు ఉత్తరాన ఉన్న రే రాబర్ట్స్ పార్కు నీకు దగ్గర. గడ్డిలో అడుగు వేసేముందు నేల చూసుకో, గట్లమీద నిప్పుచీమల పుట్టలు, నీటి అంచున కాటన్‌మౌత్ అనే విషపు పాములు ఉంటాయి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, నీటి వేడి, చేప తగిలిన లోతు ఒక పుస్తకంలో రాసుకుని, మార్చి నెల పేజీలు నాకు పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న