ముల్లు దించేముందు అంచు చూడు

చి. కిట్టూకి,

గరాజ్ సేల్‌లో పాత సింగిల్స్ (వైపుకి ఒక్కో పాట ఉండే చిన్న గ్రామఫోన్ రికార్డులు) డబ్బా దొరికిందని నువ్వు పంపిన ఫోటోలు చూశాను. సంతోషం. కానీ అల్లుడూ, వాటిలో ఒక్కదాన్ని కూడా ఇంకా ప్లేయర్ మీద పెట్టకు. ఏది దేనితో చేసిందో ముందు తేల్చుకో. అన్నీ ఏడంగుళాలే, అన్నీ నల్లగానే ఉన్నాయి కదా అని అన్నీ వినైలే, అంటే వంగే రకం ప్లాస్టిక్‌వే, అనుకోవద్దు. 1950ల నుంచి 80ల దాకా అమెరికాలో వచ్చిన 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) సింగిల్స్‌లో చాలావాటిని పాలీస్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో చేశారు. అరిగిన ముల్లు పడితే వినైల్ కొంత ఓర్చుకుంటుంది. స్టైరీన్ మాత్రం గాడి గీరుకుపోయి, పాట వెనకాల బుస్సుమనే చప్పుడు శాశ్వతంగా ఉండిపోతుంది.

చాలామంది వంచి చూడమంటారు. ఆ పని చెయ్యకు. వినైల్ వంగుతుంది, స్టైరీన్ బిర్రుగా ఉంటుంది, నిజమే. అయితే ఆ తేడా నీకు తెలిసేలోపే అది పటుక్కుమనొచ్చు.

తయారీ తెలిస్తే గుర్తులు బట్టీ పట్టక్కర్లేదు. వినైల్ రికార్డుకి వేడి ముద్దని రెండు అచ్చుల మధ్య పెట్టి, కిందా పైనా కాగితం లేబుల్ ఉంచి గట్టిగా నొక్కుతారు. లేబుల్ ఆ వేడికి ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. పక్కలకి పొంగిన దాన్ని కత్తిరిస్తారు కాబట్టి అంచు సన్నగా, వేలికి కాస్త పదునుగా తగులుతుంది. స్టైరీన్‌ని అలా నొక్కరు. కరిగించి, మూసి ఉన్న అచ్చులోకి ఎక్కిస్తారు. పొంగేది లేదు, కత్తిరించేది లేదు. అందుకే అంచు మొద్దుగా, పలకలా ఉంటుంది. లేబుల్‌ని తర్వాత జిగురుతో అంటిస్తారు, లేదా ప్లాస్టిక్ మీదే రంగుతో అచ్చేస్తారు. లేబుల్ అంచు లేచిందా, మధ్యలో బుడగలున్నాయా, అసలు కాగితమే లేకుండా రంగు మాత్రమే ఉందా? అయితే దాదాపుగా స్టైరీనే.

ఇంకా అనుమానంగా ఉంటే చిల్లులో వేలు పెట్టి పట్టుకుని, అంచుని గోటితో మెల్లిగా తట్టు. స్టైరీన్ టిక్కుమని సన్నగా పలుకుతుంది, వినైల్ టప్పుమని మొద్దుగా. రెండు మూడు రికార్డులు పక్కపక్కన తట్టి చూస్తే చెవికి అలవాటవుతుంది. కొన్ని వినైల్ రికార్డులు గట్టి లైటుకి అడ్డంగా పెడితే ముదురు ఎరుపులో కనిపిస్తాయి. అలా కనిపించకపోతే వినైల్ కాదని మాత్రం అనుకోకు.

కంపెనీ పేరు చూసి తేల్చెయ్యడం కూడా కుదరదు. అట్లాంటిక్ వాళ్ళ పాట ఒకటే అయినా, లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ ఫ్యాక్టరీలో చేసింది స్టైరీన్ కావచ్చు, పెన్సిల్వేనియాలోని స్పెషాల్టీలో చేసింది వినైల్ కావచ్చు. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి జాగాలో చూడు. చిన్న త్రికోణం, పక్కన అంకె గీసి ఉంటే అది మోనార్క్ గుర్తు. ఆర్‌సీఏ విక్టర్ 1949లో ఈ 45లని మొదలుపెట్టినప్పుడు సంగీతం రకాన్ని బట్టి రంగురంగుల వినైల్ వాడింది. కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటలు ఆకుపచ్చవి, పిల్లలవి పసుపువి. అలాంటివి దొరికితే వదలకు.

కొనేటప్పుడు మెరుపుని నమ్మొద్దు. స్టైరీన్ కొత్తదానిలా నిగనిగలాడుతూనే పాడైపోయి ఉండొచ్చు. ముఖ్యంగా రేడియో స్టేషన్ల నుంచి వచ్చినవి. పాట మొదలు సరిగ్గా కుదరాలని డీజేలు ముల్లు కింద రికార్డుని వెనక్కీ ముందుకీ తిప్పేవాళ్ళు, దాంతో మొదటి గాళ్ళు కాలిపోయినట్టయ్యేవి. అక్కడ బూడిదరంగు వలయం కనిపిస్తే బేరం ఆడు, లేదా వదిలెయ్యి. పెద్ద చిల్లు చుట్టూ వెంట్రుకంత పగుళ్ళున్నాయేమో కూడా చూడు.

స్టైరీన్‌కి గుండ్రటి మొన ఉన్న కొత్త ముల్లు వాడు, ముల్లు మీద బరువు తక్కువ పెట్టు. కడగాలంటే మామూలు నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. లేబుల్ తడవకూడదు, జిగురు ఊడొస్తుంది. థిన్నర్, పెట్రోలు జోలికి పోకు.

డబ్బా అడుగున పదంగుళాల బరువైనవి రెండున్నాయి కదా, అవి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఎక్కువగా షెల్లాక్, అంటే మన గాజులు చేసే లక్కే, రాతిపొడి కలిపి. అప్పట్లో ఆ లక్కలో చాలా భాగం మన దేశం నుంచే వెళ్ళేది. విరిగిన చోట గరుగ్గా, మట్టిలా కనిపిస్తుంది. వాటికి స్పిరిట్ తగిలించావో, పైపొర కరుగుతుంది. 45ల ముల్లుతో వాయించకు, 78ల గాడి చాలా వెడల్పు, దాని ముల్లు వేరు.

మీ తాతయ్య దాచిన తెలుగు సినిమా ఈపీల (ఇవీ చిన్న రికార్డులే) గురించి అడిగావు. చిన్న చిల్లువి. నా చేతికి వచ్చినవన్నీ వినైలే, వాటికి ఈ టెన్షన్ లేదు.

మూడో ఫోటోలో ఎర్ర లేబుల్ పక్కకి జరిగి అంటించినట్టు ఉంది, నాకు స్టైరీన్ అనిపిస్తోంది. దాని అంచుని దగ్గరగా ఫోటో తీసి పంపు. అప్పటిదాకా దాన్ని విడిగా, నిలబెట్టి ఉంచు.

మీ మామయ్య