రెండో మానిటర్ మీద మొండికేసే ప్రోగ్రాములు

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కి 24 అంగుళాల మానిటర్ తగిలించాను. ఉన్నది విండోస్ 11. లెక్కలు రాసుకునే ప్రోగ్రామ్‌ని రోజూ పెద్ద తెర మీదికి లాక్కుంటాను, మర్నాడు తెరిస్తే మళ్లీ ల్యాప్‌టాప్ తెర మీదే ప్రత్యక్షం. ఫలానా ప్రోగ్రామ్ ఎప్పుడూ ఫలానా మానిటర్ మీదే తెరుచుకోవాలని చెప్పే సెట్టింగ్ ఎక్కడుంది?

జవాబు: విండోస్‌లో అలాంటి సెట్టింగ్ లేదు, వెతికి అలసిపోకండి. విండో ఎక్కడ తెరుచుకోవాలన్నది చాలావరకు ఆ ప్రోగ్రామే తేల్చుకుంటుంది. మూసేటప్పుడు తానున్న చోటు, తన సైజు రాసిపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు అక్కడికే పోతుంది. ఆ అలవాటు కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

మీది ఏ రకమో రెండు నిమిషాల్లో తేల్చవచ్చు. విండో తెరంతా పరుచుకుని ఉంటే కుడివైపు పై మూలలో మధ్య బటన్ నొక్కి చిన్నది చెయ్యండి. టైటిల్ బార్ పట్టుకుని పెద్ద మానిటర్ నడిమధ్యకు లాగండి. సగం ఇటు, సగం అటు ఉండకూడదు. ఒక మూల పట్టుకుని సైజు కాస్త మార్చండి. ఆ ప్రోగ్రామ్‌వే వేరే విండోలు తెరిచి ఉంటే వాటిని ముందే మూసెయ్యండి, చాలా ప్రోగ్రాములు ఆఖరున మూసిన విండో చోటునే లెక్కలోకి తీసుకుంటాయి. ఇప్పుడు దీన్ని మూసి, మళ్లీ తెరవండి. తెరంతా పరిచిన స్థితిలోనే మూస్తే కొన్ని ప్రోగ్రాములు పరుచుకోవాలన్నది గుర్తుంచుకుని, ఏ తెర మీదన్నది మర్చిపోతాయి. టాస్క్ మేనేజర్‌లోంచి ఆపేస్తే అసలు రాసుకునే వ్యవధే ఉండదు.

ఇంత చేసినా పాత చోటికే వస్తే అది మతిమరుపు రకమే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి, పెద్ద మానిటర్ బొమ్మ మీద క్లిక్ చేసి, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద 'మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే' టిక్ పెట్టండి. సొంతంగా చోటు గుర్తుంచుకోనివి సాధారణంగా మెయిన్ తెర మీదే తెరుచుకుంటాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో తెరని భాగాలుగా (జోన్లుగా) విడదీసే ఫ్యాన్సీజోన్స్ అనే పనిముట్టు ఉంది. దానికి, కొత్తగా తెరిచిన విండోని చివరిసారి ఉన్న జోన్‌కి పంపే వీలుంది. ఒకటి రెండు ప్రోగ్రాముల కోసం ఇదంతా ఎందుకనుకుంటే, విండోస్ కీ, షిఫ్ట్ కలిపి పట్టుకుని కుడి బాణమో ఎడమ బాణమో నొక్కండి. తెరంతా పరుచుకున్న విండో కూడా ఒక్క దెబ్బకు పక్క మానిటర్ మీదికి దూకుతుంది. మా ఓటు దీనికే.

ప్రశ్న: ఆఫీసులో రెండు మానిటర్లు, ఇంట్లో ఒట్టి ల్యాప్‌టాప్. ఇంట్లో ఒక ప్రోగ్రామ్ తెరిస్తే టాస్క్‌బార్‌లో ఐకాన్ కనిపిస్తుంది, విండో మాత్రం ఎక్కడా లేదు.

జవాబు: ఉంది, లేని మానిటర్ మీద ఉంది. మెయిన్ తెర ఎడమ పై మూల విండోస్ లెక్కలో 0,0. ఆ తెర వెడల్పు 1920 పిక్సెల్స్ అయితే, కుడి పక్కనున్న మానిటర్ 1920 దగ్గర మొదలవుతుంది. ఆఫీసులో మూసినప్పుడు ప్రోగ్రామ్ తన చోటు 2400 అని రాసుకుంది. ఇంట్లో ఆ అంకె దగ్గర తెర ఉందో లేదో చూసుకోకుండా అక్కడే తెరుచుకుంది.

టాస్క్‌బార్ ఐకాన్ మీద ఒకసారి క్లిక్ చెయ్యండి. ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కి, తర్వాత ఎమ్ నొక్కండి. ఇప్పుడు ఏదో ఒక బాణం కీ ఒక్కసారి. ఈ మెట్టు దాటేస్తే పని జరగదు, చాలామంది ఇక్కడే తప్పుతారు. ఆ తర్వాత మౌస్ కదిపితే విండో పాయింటర్‌కి అంటుకుని వస్తుంది, క్లిక్ చేస్తే వదిలేస్తుంది. ఎమ్ పనిచెయ్యకపోతే విండో పరుచుకుని ఉన్నట్టు. ఆల్ట్, స్పేస్ తర్వాత ఆర్ నొక్కి, మళ్లీ మొదట్నుంచి రండి. ఆల్ట్, స్పేస్‌కే పలకనివాటికి షిఫ్ట్ పట్టుకుని టాస్క్‌బార్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే అదే మెనూ వస్తుంది.

ప్రశ్న: పక్క మానిటర్‌ని పవర్ బటన్‌తో ఆపితే చాలు, దాని మీది విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చి పడుతున్నాయి.

జవాబు: డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో ఇది మామూలే. చాలా మానిటర్లు ఆపగానే కేబుల్ పీకేసినట్టే కంప్యూటర్‌కి కనబడతాయి. మల్టిపుల్ డిస్‌ప్లేస్ కిందే 'రిమెంబర్ విండో లొకేషన్స్' అని మొదలయ్యే టిక్ ఉందో చూడండి. ఉంటే మానిటర్ వెలగగానే విండోలు వాటి చోటికి తిరిగి వెళ్తాయి. తెరిచి ఉన్న విండోలకే సుమా, మూసేసినవాటికి కాదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో స్కేల్ (అక్షరాలు, బొమ్మలు ఎంత పెద్దగా కనబడాలన్న సెట్టింగ్) 150 శాతం, మానిటర్‌లో 100. ఒక పాత ప్రోగ్రామ్‌ని అటు జరిపితే అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి.

జవాబు: పాత ప్రోగ్రాములు ఒకే స్కేల్‌కి బొమ్మ గీస్తాయి. తెర మారితే విండోస్ ఆ బొమ్మనే సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. మసక అక్కడిదే. ప్రోగ్రామ్ ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, 'ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్'. కింద ఓవర్‌రైడ్ టిక్ పెట్టి 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' ఎంచుకోండి. ప్రోగ్రామ్ మూసి తెరిస్తేనే తేడా తెలుస్తుంది. అక్షరాలు తేరుకున్నా ఐకాన్లు, బొమ్మలు కొంచెం మసకగానే మిగలవచ్చు. అక్కడే ఉన్న 'అప్లికేషన్' ఎంచుకుంటే అంతా పదునుగానే ఉంటుంది గానీ, ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలు చీమల్లా చిన్నవైపోవచ్చు.