కొండ లేని ఊరి అమ్మాయికి కొండచరియల చదువా?

అమలాపురం దగ్గర్నుంచి ఒక తండ్రి గారు అడిగారు: "అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. కొండచరియలు, డ్యాములు, వాటి మీదే చదువుతానంటోంది. మన కోనసీమలో చూద్దామన్నా కొండ లేదు. సీఎస్‌ఈలో చేర్పించెయ్యనా?"

తొందరపడకండి సార్. కొండ లేకపోతేనేం, ఏటిగట్టు ఉంది కదండీ. నిండు వరదకి నిలబడ్డ గట్టు, తీరా వరద తీస్తున్నప్పుడు ఏటివైపు జారిపోతుంటుంది, ఎందుకంటే నది గబగబా దిగిపోయి బయటి నీటి ఆసరా పోతుంది గానీ మట్టి తాగిన నీరు అంత త్వరగా బయటికి రాదు, లోపలి ఒత్తిడి అలాగే ఉండిపోతుంది. రిజర్వాయర్ పక్క కొండకీ అంతే. అక్కడ నింపేటప్పుడు కూడా భయమే, అడుగు నాని పొరల మధ్య పట్టు సడలుతుంది.

ఇటలీలో వయోంట్ డ్యామ్ సంగతి అమ్మాయికి తెలిసే ఉంటుంది, మీరూ వినండి. 1960లోనే కొండ మీద దాదాపు 2 కిలోమీటర్ల పగులు కనిపించింది. నీటిమట్టం పెంచుతూ దించుతూ కదలికని అదుపులో పెట్టొచ్చనుకున్నారు ఇంజినీర్లు. లోపల సన్నటి బంకమట్టి పొరలున్నాయి. చివరికి రోజుకి 20 సెంటీమీటర్ల దాకా జరిగి, 1963 అక్టోబర్ 9 రాత్రి సుమారు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ ఒక్కసారిగా నీళ్లలో పడింది. లేచిన అల డ్యామ్ దాటి దూకి కింది ఊళ్లలో దాదాపు 2,000 మందిని పొట్టన పెట్టుకుంది. డ్యామ్ మాత్రం చెక్కుచెదరలేదనే చెప్పాలి! కాంక్రీటు లెక్క వచ్చినవాళ్లకి కొండ లోపలి లెక్క అందలేదు, మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఆ రెండో లెక్కే.

దారులు రెండు. బీఎస్సీ, ఎమ్మెస్సీ జియాలజీ చేసి (విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది) యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోకి వెళ్లొచ్చు, దేశంలో కొండచరియల అధ్యయనానికి నోడల్ సంస్థ అదే. లేదా బీటెక్ సివిల్, గేట్, ఎంటెక్ జియోటెక్నికల్ (మట్టి, రాళ్ల ఇంజినీరింగ్). ఉద్యోగం గురించి ఇంట్లో టెన్షన్ ఎక్కువుంటే నా ఓటు సివిల్‌కే, రోడ్లు, సొరంగాలు, పునాదులు, ఎటైనా మళ్లొచ్చు. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత రాదు, అది ముందే ఒప్పుకోవాలి. పని కూడా ఏసీ గదిలో కాదు, వాలు మీద బోరు వేయించి అందులో పైజోమీటర్ దింపి వానల్లో నీటి ఒత్తిడి ఎంత పెరిగిందో చూసుకోవాలి. ఆడపిల్ల కొండల్లో ఎలాగని మాత్రం ఆపకండి, అమ్మాయిలు చేస్తూనే ఉన్నారు. ఈఏపీసెట్ ఆప్షన్లలో సివిల్ పైన పెట్టించండి, సీఎస్‌ఈ కింద ఉంచుకోండి.