గమ్‌షూని తెలుగులో ఏమనాలి?

సందేహం: నేను ఒక పత్రిక కోసం పాత అమెరికన్ నేర కథలు అనువదిస్తున్నాను. వాటిలో డిటెక్టివ్‌ని పదేపదే ‘గమ్‌షూ’ అంటున్నారు. ఒకచోట అదే మాట క్రియగా వచ్చింది. ఇంకోచోట రాజకీయ నాయకుణ్ణి అలా అన్నారు. ఇక్కడి మిత్రులొకరు ‘రబ్బరు బూటు’ అని పెట్టేయమంటున్నారు. మరొకరు మన ‘గమ్మున’కీ దీనికీ చుట్టరికం ఉందంటున్నారు. ‘వేగు’ అంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు చుట్టరికం సంగతి తేల్చేద్దాం. ‘గమ్మున ఉండు’ అని చిత్తూరు వైపు అంటారు, నోరు మూసుకొని ఊరుకో అని. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ధ్వని కలిసిందంతే. ఇందులోని ‘గమ్’ మనం కాగితాలు అంటించే గమ్ము కూడా కాదు. అమెరికాలో ఒకప్పుడు రబ్బరుని అలా అనేవారు. రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడియర్ అనే అమెరికన్ 1844లో పేటెంటు పొందాడు. ఆ తర్వాత రబ్బరు చెప్పులు, బూట్లు జనంలోకి విరివిగా వచ్చాయి. వాటినే గమ్‌షూలు అన్నారు. తోలు బూటులా టకటకలాడదు, నడిస్తే చప్పుడు రాదు. అందుకని చడీచప్పుడు లేకుండా తిరగడానికి ఆ మాట క్రియ అయింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లకల్లా మఫ్టీలో తిరిగే డిటెక్టివ్‌కి పేరైపోయింది.

మీకు తగిలిన రాజకీయ ప్రయోగం కూడా అక్కడి నుంచి వచ్చిందే. మిస్సోరీ రాష్ట్రం నుంచి 1903 – 1918 మధ్య సెనేటర్‌గా ఉన్న విలియం జోయల్ స్టోన్‌ని ‘గమ్‌షూ బిల్’ అనేవారు. తెర వెనక మంతనాలు నడిపే మనిషని దాని భావం. ఇలాంటి చోట డిటెక్టివ్ ఊసే రాకూడదు. మనకి ‘లోపాయికారీ’ అనే చక్కటి మాట ఉంది. ‘లోపాయికారీగా చక్రం తిప్పాడు’ అని రాయండి. గుంటూరులో పత్రిక చదివే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

క్రియగా వచ్చినచోట సందర్భం చూడాలి. మనిషి నడక గురించైతే ‘పిల్లిలా అడుగులు వేస్తూ వెళ్లాడు’ అంటే చాలు. సమాచారం రాబట్టడం గురించైతే ‘కూపీ లాగాడు’, ‘ఆరా తీశాడు’. ఇవి రెండూ ఒకటి కాదు. ఆరా తీయడం పైపైన నలుగురినీ అడగడం. కూపీ లాగడంలో, దాచిపెట్టినదాన్ని తీగలా పట్టుకొని బయటికి తేవడం ఉంది. డిటెక్టివ్ పనికి ఎక్కువసార్లు రెండోదే నప్పుతుంది.

ఇక అసలు చిక్కు, నామవాచకం. ‘వేగు’ వద్దు. వేగులవాడు రాజు పంపితే శత్రువుల గుట్టు తెలుసుకొని వచ్చేవాడు. డిటెక్టివ్ నేరం జరిగాక దాని జాడ వెంట నడిచేవాడు. పైగా ‘వేగు’కి తెలుగులో ఎన్ని పనులో! పోపు వేగుతుంది, తూర్పున వేగుచుక్క పొడుస్తుంది, అల్లరి పిల్లాడితో వేగలేక తల్లి విసుక్కుంటుంది. ఈ మూడూ వినపడే మాటని షికాగో వీధిలో కోటు వేసుకున్న మనిషికి తగిలిస్తే కథ దారి తప్పుతుంది. ‘అపరాధ పరిశోధకుడు’ గౌరవమైన మాటే, కానీ రౌడీ నోట్లో పలకదు. గమ్‌షూ అనేది ఎక్కువగా తేలిక చేసి అనే మాట. ఆ తేలికతనం పోతే అనువాదంలో సగం పోయినట్టే.

ఆ తేలికతనం ఉన్న మాట మన వీధుల్లో ఉంది: సీఐడీ. పుట్టుక ఇంగ్లీషుదే. లండన్ పోలీసుల్లో ఆ పేరుతో (క్రిమినల్ ఇన్వెస్టిగేషన్ డిపార్ట్‌మెంట్) విభాగం 1878లో ఏర్పడింది. మన దేశంలో 1902లో వేసిన పోలీసు కమిషన్ ప్రతి రాష్ట్రంలోనూ అలాంటిది ఉండాలని చెప్పింది. ఇప్పుడు ఆ మూడక్షరాల అసలు విస్తరణ అడిగితే చాలామంది తడుముకుంటారు, మాట మాత్రం అందరి నోళ్లలోనూ ఉంది. గుంటూరు బ్రాడీపేటలో కొత్తగా అద్దెకి దిగినవాళ్లని ఏ ఊరు, ఎంత జీతం, పెళ్లెప్పుడు అని గుచ్చిగుచ్చి అడిగే పొరుగావిడ ‘పెద్ద సీఐడీ’. ‘నీ సీఐడీ పనులు మానెయ్’ అంటే నా ఫోను చూడకు అని. ఇంత పని చేస్తున్నప్పుడు అది తెలుగు మాట కాదని ఎలా అంటాం? మొహమాటపడకుండా వాడండి. ‘ఆ సీఐడీగాడు మళ్లీ వచ్చాడు’ అని రౌడీ చేత అనిపిస్తే గమ్‌షూలోని విసురు అంతా వస్తుంది.

ఒక్క జాగ్రత్త. మనకి సీఐడీ అంటే సర్కారు మనిషి కూడా. మీ కథల్లో గమ్‌షూ ఎక్కువగా డబ్బు తీసుకొని పనిచేసే ప్రైవేటు మనిషి. పోలీసులూ అతనూ ఒకే సన్నివేశంలో ఉంటే పాఠకుడు తికమకపడతాడు. అక్కడ ‘డిటెక్టివ్‌గాడు’ అనండి. పని మీద వచ్చిన పెద్దమనిషి మాత్రం ‘డిటెక్టివ్ గారూ’ అనే పిలుస్తాడు. మూలంలో ఒకే మాట ఉంది కదా అని తెలుగులోనూ ఒకటే ఉండాలన్న నియమం లేదు, ఎవరు అంటున్నారో చూసి మార్చుకోవాలి.

ఇవే కథల్లో డిటెక్టివ్‌కి ఇంకో రెండు మాటలు మీకు తగలొచ్చు. ‘ప్రైవేట్ ఐ’ని ప్రైవేటు కన్ను అనకండి. పింకర్టన్ డిటెక్టివ్ సంస్థ గుర్తు తెరిచిన కన్ను, దాంతోపాటు ‘మేం నిద్రపోం’ అనే మాట. ఆ కన్నే ఈ పేరుకి మూలమని చెబుతారు. మనకి ఈ ఊహ కొత్త కాదు. ఆవులు వాసనతో చూస్తాయి, రాజులు చారులతో, అంటే గూఢచారులతో, చూస్తారని విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పాడు. ‘చారచక్షువు’ (చారులే కళ్లుగా ఉన్నవాడు) అన్న సమాసం అలాంటి ఊహదే. రెండోది ‘స్లూత్’. అది జాడ అనే అర్థమున్న పాత నార్స్ భాష మాట నుంచి వచ్చింది. స్కాట్లండ్‌లో జాడపట్టే వేటకుక్కకి మొదట ఆ పేరు, మనిషికి తర్వాత. క్రియగా వస్తే ‘పసిగట్టాడు’ అనండి. మన ‘పసి’ కూడా వేటకుక్క పట్టే వాసనే.

‘రబ్బరు బూటు’ని పూర్తిగా పారేయకండి. వాన రాత్రి ఎవరైనా నిజంగానే అవి తొడుక్కుంటే అక్కడ అదే సరైన మాట. రచయిత బూటు మీద, డిటెక్టివ్ మీద కలిపి చమత్కారం చేసినచోట మాత్రం ఆ చమత్కారం వదిలేసి కథ నడపండి. అడుగున వివరణ పెడితే చదివేవాడి ఊపు తెగిపోతుంది.